తేటా? మసకా?

కంట్లో చుక్కలు వేస్తూ సిస్టరు చెప్పింది. "మీ అప్ప పోయిందట సార్. తెలుసా?"

తల వెనక్కి వాల్చి ఉన్నాను. నా కింది రెప్పను ఆమె వేలితో లాగి పట్టుకుంది. చుక్క చల్లగా పడింది, ఆ వెనకే మంట. రెండో కంట్లో కూడా వేసి, "ఆపరేషన్‌కి వచ్చిన వాళ్ల ఊరావిడ చెప్పింది. నిద్రలోనే పోయిందట" అని, నా చేతిలో దూది పెట్టి పక్క మనిషి దగ్గరికి వెళ్లిపోయింది.

విజయనగరంలో ఆ కంటి ఆసుపత్రి వరండాలో గోడవార పొడుగాటి చెక్క బెంచీ ఒకటి ఉంటుంది. చుక్కలు వేశాక అరగంట అక్కడే కళ్లు మూసుకుని కూర్చోవాలి. కూర్చున్నాను. మూసిన రెప్పల వెనక ఎర్రటి వెలుతురు అటూ ఇటూ ఊగుతోంది. ఎవరో నా పక్కన చోటు చేసుకుని కూర్చున్నారు. ఎండు చేపల వాసన, చుట్ట వాసన, కొబ్బరినూనె వాసన కలిసి వస్తాయేమోనని గాలి పీల్చి చూశాను. సబ్బు వాసన వచ్చింది. ఎవరో ఉద్యోగస్థుడు.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆమె నాకు చుట్టం కాదు. మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండించే ఊరు, ఆమెది భావనపాడు అవతల సముద్రపు ఒడ్డు. నేను బడిపంతుల్ని, ఆమె చేపలమ్ముకునే మనిషి. ఆమె పేరు నాకు తెలుసు, నర్సులు ఫైలు చూసి పిలిచేవారు. కానీ ఆ పేరు మా మధ్య ఎప్పుడూ నడవలేదు. ఇక్కడా రాయను.

ఏడేళ్ల కిందట, వేసవి సెలవులకు ముందు, నాకు విడవని తలనొప్పి పట్టుకుంది. చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నట్టు హోరు. మూడో రోజు ఉదయం క్లాసులో నేను బోర్డు మీద వేసిన లెక్క నాకే కనపడలేదు. అంకెలు నీళ్ల అడుగున పడి ఉన్నట్టు వణికాయి. రెండు కళ్లూ ఒక్కసారే అలా అయ్యాయి. ఆ ఆసుపత్రికే వెళ్లాను. అక్కడికి ఒక డాక్టరమ్మ విశాఖపట్నం నుంచి నెలకి రెండు బుధవారాలు వస్తుంది. చాలాసేపు పరీక్ష చేసి నెమ్మదిగా చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబాటున కంటి లోపలి రంగు పొర మీద తిరగబడిందనీ, ఆ వాపుకి వెనక పొర కింద నీరు చేరిందనీ, ఇది చాలా అరుదైన జబ్బనీ. పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలు. "తొందరగా వచ్చారు, అదృష్టం. చూపు నిలబెట్టుకోవచ్చు. మాత్రలు మాత్రం నేను ఆపమనేదాకా ఆపొద్దు" అంది.

మూడు రోజులు సెలైన్‌లో మందు ఎక్కించాక, ఆ తర్వాతి బుధవారం మళ్లీ వెళ్లాను. ఆ బెంచీ మీద, చుక్కలు వేయించుకుని, వెలుతురులో మునిగిపోయి కూర్చున్నప్పుడు పక్కనుంచి ఒక గొంతు వచ్చింది. గరగరలాడే గొంతు, గవ్వలు గుప్పిట్లో వేసి కదిపినట్టు.

"ఏటి బాబూ జబ్బు నీది?"

మూడక్షరాలూ చెప్పాను.

"మూడచ్చరాలదా? నాదీ అదే."

"చాలా అరుదైన జబ్బంట గదా" అన్నాను.

"అరుదంటే ఏటి?"

"ఎవరికో గాని రాదు."

"మరి ఒక బెంచీ మీద ఇద్దరికి ఎలాగొచ్చినాది?"

అని నవ్వింది. ఆ నెలలో నేను నవ్వింది అదే మొదటిసారి. అటు తిరిగి చూస్తే ఎవరూ లేరు. అంటే, పసుపు రంగు చీర ఒకటి, దాని పైన నల్లగా రెండు గుండ్రాలు, అంతే. ఆ గుండ్రాలు మగవాళ్ల నల్ల కళ్లద్దాలని తర్వాత తెలిసింది. వాళ్లాయనకి కంటి ఆపరేషన్ చేసినప్పుడు ఇచ్చారట. ఆయన పోయాడు, అద్దాలు మిగిలాయి. ఎండలో నడవాలంటే వాటి మీద చీర కొంగు కూడా కప్పుకునేది. వెలుతురు తనని సూదుల్లా గుచ్చుతుందని చెప్పేది.

ఆ తర్వాత బుధవారాలు మా ఇద్దరివీ అయ్యాయి. ఆమె నౌపడలో పాసింజరు ఎక్కేది. నేను కోటబొమ్మాళిలో ఎక్కేసరికి నాకోసం కిటికీ దగ్గర చోటు ఉంచి, తను ఎండ పడని వైపు కూర్చుని ఉండేది. బాగున్నావా అని ఏనాడూ అడగలేదు. నా అడుగు చప్పుడు పోల్చుకోగానే అడిగేది:

"తేటా? మసకా?"

"తేటే అప్పా. నీకో?"

"ఈయాల పొగమంచు. మద్దేనానికి తేరుకుంటాది."

అంతటితో మా కుశల ప్రశ్నలు అయిపోయేవి. రైలు తిలారు దాటి, పొందూరు దాటి, తాటితోపుల మధ్యనుంచి ఒళ్లు విరుచుకుంటూ పోయేది. మందుల మగత నాకెప్పుడూ ఉండేది. పొలాలు కిటికీలోంచి వచ్చి నా కళ్లలో కలిసిపోతున్నట్టు, ఎక్కడ పచ్చదనం ఆగి ఎక్కడ ఆకాశం మొదలయిందో తెలియకుండా ఉండేది. ఆ మసకలో ఆమె గొంతొక్కటే అంచులున్న వస్తువు.

మా తీరంలో ఆడవాళ్లు చుట్టని తిరగేసి, నిప్పు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి ఆరిపోకుండా అలా అలవాటయిందంటారు. ఆమెకీ ఆ అలవాటుంది. ఒకసారి డాక్టరమ్మ వాసన పసిగట్టి, పొగ ఈ వాపుని రెచ్చగొడుతుందని గట్టిగా చెప్పింది. ఆ వేళ తిరుగు రైల్లో ఆమె బొడ్లోంచి చుట్ట తీసి, చాలాసేపు వేళ్ల మధ్య తిప్పి, ముట్టించకుండానే నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఎప్పుడు చూసినా అలాగే.

"మానీసినావా అప్పా?"

"మాననేదు బాబూ. ముట్టించనేదు, అంతే."

చేపల సంగతులు చెప్పేది. చేప తాజాదో కాదో మొప్పలు ఎత్తి చూస్తారు అందరూ. ఆమె మాత్రం కన్ను చూడమనేది. "సేప కన్ను తేటగా, ఉబ్బుగా ఉంటే ఈయాలది. మసకపడి నోపలికి దిగిపోతే నిన్నటిది" అని, "మనిద్దర్నీ గంపలో ఎట్టి వీధుల్లో తిప్పితే ఎవులూ కొనరు బాబూ" అనేది. ఎదుటి సీట్ల వాళ్లు కూడా నవ్వేవారు.

రోజూ పొద్దున్న కళ్లని పరీక్ష చేసుకోవడం నాకు నేర్పింది ఆమే. ఇంటి ముందు ఒడ్డు మీద లాగి పెట్టిన పడవ ఒకటుందట. దాని పక్కమీద అంకెలు రాసి ఉంటాయి.

"నాకు సదువు రాదు. కానీ ఆటిలో ఒకటి బాతులాగుంటాది. నెగసిన వెంటనే ఎల్లి, అరిసెయ్యి అడ్డమెట్టుకుని, దాని ముక్కు కోసం సూస్తాను. ముక్కు కనిపిస్తే తేట. ముక్కు పోనాదా, బేగి బండెక్కీడమే. నువ్వూ ఏదోటి ఎట్టుకో."

నేను కేలెండరు పెట్టుకున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక్కో కన్నూ మూసి, ఆదివారం ఎర్ర అంకెల్ని చదివేవాణ్ని. రెండు కళ్లతో చూస్తే మంచి కన్ను చెడ్డ కన్ను తప్పుని కప్పేస్తుందని, అందుకే విడివిడిగా అడగాలని ఆమె చెప్పింది. డాక్టరమ్మ కూడా అంత బాగా చెప్పలేదు.

ఆమె ఎడమ కన్ను పనిచేయదని నాకు తెలియడానికి అయిదారు నెలలు పట్టింది. సిగడాంలో రైలు సిగ్నలు కోసం ఆగిపోయిన ఒక మధ్యాహ్నం తనే చెప్పింది.

"మాత్తర్లేసుకుంటే నా మొకం గుమ్మడికాయయిపోనాది. ఆకలి, ఆకలి. ఒకటే తిండి. పేట్లో ఆడోల్లు నవ్వీవోరు. నెల తిరిగీతలికి చూపు బాగయిపోనాది గదా, ఇంకెందుకని ఒగ్గీసినాను. ఎవులో పసరు పోస్తారంటే కంట్లో పోయించుకున్నాను. పది దినాలు బాగానే ఉన్నాది. ఓ పొద్దున్న నెగిసి సూస్తే పడవ నేదు."

"అంకె లేదా?"

"పడవే నేదు బాబూ."

రైలు కదిలింది. ఆమె ముట్టించని చుట్టని అటునుంచి ఇటు మార్చుకుని, "కుడి కన్ను డాట్రమ్మ నిలబెట్టినాది. అందుకే సెప్తన్నాను" అంది. నేను తలూపాను. ఎంత తేలిగ్గా తలూపానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే రెండో ఏడు నేను కూడా అదే పని చేశాను. నా ముఖమూ ఉబ్బింది. గెడ్డం గీసుకుంటుంటే అద్దంలోంచి మా మేనమామ చూసేవాడు. షుగరు వచ్చింది. చేతులు వణికి చాక్‌పీసు విరిగిపోయేది. రాత్రుళ్లు నిద్రలేదు. బళ్లో పిల్లలు మాస్టారు లావెక్కిపోయారని గుసగుసలాడుకునేవారు. కేలెండరు అంకెలు మాత్రం శుభ్రంగా కనపడుతున్నాయి. నయమైపోయిన జబ్బుకి ఇన్ని బాధలు పడటం ఎందుకనిపించింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేశాను. రెండు బుధవారాలు వెళ్లలేదు. మూడోసారి రైలు వెళ్లే వేళకి రైల్వే గేటు దగ్గర నిలబడి, అది వెళ్లిపోయేదాకా చూసి, ఇంటికొచ్చాను. ఆ పెట్టెల్లో ఏదో ఒకదానిలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉందని తెలుసు.

తర్వాతి వారం తలనొప్పి మొదలయింది. కేలెండరు వైపు చూడటం మానేశాను. సరస్వతికి, అంటే నా భార్యకి, నిద్రలేక అలా ఉందని చెప్పాను.

ఒకరోజు పొద్దువాలే వేళ వరండాలో కూర్చున్నాను. వీధిలో "సేపలోయ్" అన్న కేక వినిపించింది. మా వీధికి రోజూ వచ్చే మనిషి గొంతు కాదు. గవ్వలు కదిలిన గొంతు. లేచి లోపలికి వెళ్లిపోదామనుకున్నాను. అక్కడే కూర్చుండిపోయాను.

ఆమె ఎప్పుడూ అమ్మేది టెక్కలి వైపు. మా ఊరి పేరు నేనెప్పుడూ చెప్పలేదు, కోటబొమ్మాళి దగ్గర అని తప్ప. మూడు రోజులుగా ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ గంప నెత్తిన పెట్టుకుని తిరుగుతోందట, కంటి జబ్బున్న మాస్టారి ఇల్లెక్కడని అడుగుతూ. అదీ ఎండలో.

గంప దింపుకుని అరుగు మీద కూలబడింది. మంచినీళ్లు తాగింది. తేటా మసకా అని అడగలేదు.

"మాత్తర్లు ఏసుకుంటన్నావా?"

"వేసుకుంటున్నానప్పా. ఇన్‌స్పెక్షనుంది, అందుకే రాలేకపోయాను."

"సూపెలాగున్నాది?"

"బాగానే ఉంది."

గంప మీద కప్పిన ఆకులు తీసింది. చెయ్యి పెట్టి ఒక చేపని పైకెత్తి నా ముందు పట్టుకుంది. "కానాగంత. పొద్దున్నది. కన్ను సూసి సెప్పు, తేటా? మసకా?"

వెండి రంగులో ఏదో మెరుస్తూ కదిలింది. మిగిలినదంతా నీళ్లు. ఆ నీళ్ల కింద చీకటి మచ్చ ఒకటి, నేను ఎటు చూస్తే అటు వస్తోంది.

"తేటగానే ఉంది" అన్నాను.

ఆమె చేప దింపలేదు. "ఓలమ్మా, నువ్వు సెప్పు" అంది. సరస్వతి గుమ్మంలోనే నిలబడి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"తలకాయ నీ గుప్పిట్లో ఉన్నాది గదప్పా. కనిపిస్తన్నది తోక" అంది సరస్వతి.

అప్పుడు అప్ప లేచి నిలబడింది. అంతవరకూ నన్ను బాబూ తప్ప ఇంకో మాట అనలేదు.

"ఒరే! నాకు సెప్పీవోలు నేకపోయి కన్ను పోనాది. నీకు నాను సెప్పినాను గదరా. నా కన్నొకటి సూపించి మరీ సెప్పినాను గదరా. సదువుకున్నోడివి, ఏటిరా నీకిది?"

వీధిలో జనం ఆగి చూస్తున్నారు. నేను ఏడ్చాను. ముప్పై ఎనిమిదేళ్లవాణ్ని, వరండాలో, చేపల గంప ముందు. ఆమె పక్కన కూర్చుని, చేపల చెయ్యి చీర కుచ్చెళ్లకి తుడుచుకుని, నా తల మీద పెట్టింది. "ఏడిస్తే కంటికి మంచిదో సెడ్డదో డాట్రమ్మని అడగనేదు. మానీ" అంది.

ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. మర్నాడు బుధవారం కాదు. సరస్వతి ఫోను చేస్తే డాక్టరమ్మ నన్ను వెంటనే చేర్చుకోమని ఆసుపత్రికి చెప్పింది. ముగ్గురం మొదటి పాసింజరులో వెళ్లాం. పొర కింద మళ్లీ నీరు చేరింది. ఇంకో వారం ఆలస్యమయ్యుంటే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. మొదటి సీసా అయ్యేదాకా అప్ప మంచం పక్కన కింద కూర్చుంది. ఆ తర్వాత లేచి, "గంప మీ అరుగు మీద ఉండిపోనాది. సేపలు కుక్కలకేసి, కడిగి ఎండలో బోర్లించమను" అని వెళ్లిపోయింది.

నా చూపు మూడు నెలలకి తిరిగొచ్చింది. పూర్తిగా కాదు. రంగులు కొంచెం వెలిశాయి, సందెచీకట్లో మెట్లు తడుముకుంటాను. కానీ పిల్లల కాపీలు దిద్దుతాను. ఇది రాస్తున్నాను.

ఆమెకి అలా జరగలేదు. ఈసారి ఏ తప్పూ చేయకుండానే, మాత్రలు ఒక్క పూట మానకుండానే, ఆ మంచి కన్ను కూడా మెల్లగా దిగిపోయింది. వాపు తగ్గినా కంట్లో ఒత్తిడి పెరిగింది. మందులు, ఆపరేషను, మళ్లీ మందులు. బాతు ముక్కు పోయింది, తర్వాత బాతు పోయింది, తర్వాత పడవ. ఒడ్డు మీద చేపల వేలంపాట దగ్గర కూర్చుని, చేత్తో తడిమి చేప పేరూ వయసూ చెప్పేదట. కోడలు తోడు వచ్చేది ఆసుపత్రికి. కోడలికి పనుంటే నౌపడలో రైలెక్కించి, నాకు ఫోను చేసేది.

మేమిద్దరం కలిసి చేసిన చివరి ప్రయాణం అలాంటిదే. ఆ వేళ డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, వెలుతురు తెలిసే మాత్రం చూపు ఉంటుంది, దాన్ని కాపాడుకుందాం, అంతకుమించి చేయగలిగింది లేదు అని చెప్పింది. తిరుగు రైల్లో చీపురుపల్లి దాటాక అప్ప కిటికీ వైపు తిరిగింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. వాటి అవసరం ఇక లేదు. మధ్యాహ్నపు ఎండ ముఖమంతా పడుతున్నా రెప్ప మూయలేదు.

"బాబూ, నా మొకం నాను సూసుకుని చాలా ఏల్లయిపోనాది. ఎలాగున్నాది? ఇంట్లో అడిగితే బాగున్నాదంటారు. నువ్వు సూసి సెప్పు. తోకని తలకాయనకు."

ఈ జబ్బు కొందరిలో కంటితో ఆగదు. రంగుని వెతుక్కుంటూ వెళ్తుంది. నేను బోర్డు మీద బొమ్మ గీసేటప్పుడు చూసినంత శ్రద్ధగా ఆమెని చూశాను.

"రెప్పల వెంట్రుకలు తెల్లబడ్డాయి. అన్నీ. కనుబొమల్లో ఎడమది సగం తెలుపు. ముందు జుట్టు ఒక పాయ తెలుపు, మిగిలింది నెరిసింది."

"తోలు?"

"పెదవి కింద తెల్ల మచ్చ. రూపాయి బిళ్లంత. మెడ మీద ఇంకోటి, పొడుగ్గా. చేతుల మీద చిన్నవి."

"అసయ్యంగా ఉన్నాదా?"

"లేదు. కొత్తగా ఉంది."

ఆమె వింటోంది, ఎరిగిన మనిషి ఎవరి గురించో కబురు వింటున్నట్టు. పెదవి కింద వేలితో రాసుకుంది. తెలుపు చేతికి తగలదు కదా. "అయితే మా అమ్మ పైనుంచొచ్చి నన్ను సూస్తే పోల్చదన్నమాట" అని నవ్వింది.

ఎదురుగా కూరగాయల బుట్టతో ఒక ముసలావిడ కూర్చుంది. అంతసేపూ మమ్మల్ని వింటున్నట్టుంది. ముందుకి వంగి, "ఓలమ్మా, నవ్వితే కుడి బుగ్గకి సొట్ట పడతన్నాది. ఈ మేస్టారు సూసినట్టు నేదు. సక్కగున్నాది" అంది.

ఇన్నేళ్లలో నేను ఆ సొట్టని చూడలేదు. ఎప్పుడూ ఆమె కళ్లనే చూశాను.

అప్ప ముఖం ముసలావిడ గొంతు వైపు తిరిగింది. "నిక్కమేనా?"

"అబద్దమెందుకాడతాను? ఇలా నవ్వు, మల్లీ పడతాది."

"అది మా అమ్మది" అంది అప్ప. "పోనేదన్నమాట."

నవ్వింది. నవ్వుతూనే కుడి బుగ్గ మీద వేలు కదిపి, ఆ చోటు దొరకగానే ఆపింది. రైలు పొందూరు దాటింది, ఆముదాలవలస దాటింది. నేను కోటబొమ్మాళిలో దిగి, ప్లాట్‌ఫారం మీదనుంచి కిటికీలోకి చూస్తే, వేలు ఇంకా అక్కడే ఉంది.